మలీద డబ్బా

హేబ్సిబా వదిన ఫోన్ చేసినప్పుడు నా రెండు చేతులూ జొన్నపిండిలో ఉన్నాయి. మోచేత్తో ఎట్లాగో స్పీకర్ నొక్కి, "చెప్పు వదినా" అన్నాను.

ముందు అటునుంచి వేరే గొంతులు వినిపించాయి. ఆసుపత్రి వరండాలో ఎవరో కన్నడలో చీటీ నంబరు గురించి గొడవపడుతున్నారు. తర్వాత వదిన గొంతు వచ్చింది, పక్కవాళ్ళు వింటారేమో అన్నంత చిన్నగా.

"షైనీ, ఒప్పుకున్నడు. ప్రకటన చదివించమన్నడు."

నేను అరిచిన అరుపుకు పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది. పిండిచేతులు ఊపుతూ "మా వదిన పెండ్లి!" అన్నాను. ఆమె "ఎవరిదీ?" అని మళ్ళీ అడిగింది. వదినకు ముప్పై ఎనిమిదేళ్ళు. బీదర్ మంగళ్‌పేటలో ఆ మాట ఒకేసారి ఎవరికీ చెవికెక్కదు.

మా సంఘంలో పెళ్ళి ఖాయమైతే మూడు ఆదివారాలు గుడిలో, అంటే చర్చిలో, ఆరాధన మధ్యలో పేర్లు చదువుతారు. ఫలానావారి కుమారుడు, ఫలానావారి కుమార్తె, అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు అని. నాలుగు నెలల కింద నా పేరూ నోయల్ పేరూ అట్లాగే చదివారు. నా పేరు దగ్గరికి రాగానే మైకు కీచుమంది. నేను కొంగు నోట్లో కుక్కుకొని నవ్వు ఆపుకున్నాను. ఇప్పటికీ ఆ కీచు గుర్తొస్తే నవ్వొస్తుంది.

ఆ రోజు రొట్టెలన్నీ వంకరగా వచ్చాయి. వంకర రొట్టెలకే నెయ్యి ఎక్కువ పడుతుందని సంతోషపడ్డాను. ఈ నాలుగు నెలలుగా నాకు అన్నీ ఇట్లాగే ఉన్నాయి. స్టవ్ మీద నీలం మంట, తాడు మీద నా చీర పక్కన ఆరే నోయల్ చొక్కా, ఎర్రమట్టి వాకిట్లో నీళ్ళు చల్లితే లేచే వాసన, దేన్ని చూసినా మనసు ఎగిరిపడేది.

అట్లాగని రోజంతా ఎగురుతూ ఉండలేదు. నోయల్ హుమ్నాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆరున్నర బస్సుకు పోతే చీకటి పడ్డాకే రావడం. వదిన ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పొద్దున తొమ్మిది దాటితే ఇంట్లో నేనూ నా గిన్నెలూ. మా పుట్టిల్లు ఖటక్ చించోళి. భాల్కిలో బీకాం చదివేటప్పుడు చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్ళు. ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి గాలికి తలుపు కొట్టుకుంటే, ఎవరో వచ్చారని లేచి వెళ్ళేదాన్ని.

ఆ గిన్నెల మీద మా పేర్లుండేవి. పెళ్ళికి మా నాన్న స్టీలు సామానంతా కొని, ఒక్క చెంచా కూడా వదలకుండా పేర్లు చెక్కించాడు. షైనీ – నోయల్, కింద తారీఖు. తోమినప్పుడల్లా బొటనవేలితో ఆ అక్షరాలు తడిమేదాన్ని. ఒక్కోసారి పైకి చదువుకునేదాన్ని కూడా, ఎవరూ లేరు కదా.

వదిన గురించి చెప్పాలి. నోయల్‌కు పన్నెండేళ్ళప్పుడు తల్లి, ఆ తర్వాత రెండేళ్ళకు తండ్రి పోయారు. తమ్ముణ్ణి చదివించి, ఉద్యోగంలో పెట్టి, నన్ను చూసి తెచ్చింది వదినే. ఇంట్లో ఉన్నది రెండు అర్రలు. మా పెళ్ళికి వారం ముందు తన మంచం ముందు అర్రలోకి జరుపుకొని, మధ్యన తానే కుట్టిన తెర కట్టింది. లోపల మేమిద్దరం ఏదో మాట మీద నవ్వుకుంటే బయట ఆ మంచం కిర్రుమనేది. వెంటనే ఇద్దరం గొంతు తగ్గించేవాళ్ళం. గొంతు తగ్గించిన సంగతి కూడా ఆమెకు వినిపిస్తుందని నాకు చాలా రోజులకు గాని తోచలేదు.

అందుకే ఆ ఫోనుకు అంత అరిచాను.

* * *

ఆయన పేరు ఎబినేజర్. జహీరాబాద్ దిక్కు ఒక ఊళ్ళో బడిపంతులునని చెప్పాడు. కిందటి నవంబరులో, మా పెళ్ళికి ముందు, ధారూర్ క్రైస్తవ జాతరలో కలిశాడు. ఆ ఏడు నోయల్‌కు సెలవు దొరక్క వదిన ఒక్కతే పోయింది. జాతరలో ఎవరి డేరా వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. వదిన చాప పరుచుకొని బన్ను తింటుంటే ఒకాయన వచ్చి స్టీలు టిఫిన్ డబ్బా పక్కన పెట్టాడట.

"ఒక్కరే తింటున్నరా? ఇది తీస్కోండి. మా అక్క చేసింది."

మూత తీస్తే మలీద. రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కట్టింది. ఆయన కాస్త దూరంగా కూర్చొని అరగంట మాట్లాడాడట. తనకు పెళ్ళాం పిల్లలు ఎవరూ లేరని, అక్కా బావలతో వచ్చానని చెప్పాడు. లేచి పోతూ, "డబ్బా తర్వాత ఇద్దురు లెండి, నంబరు రాస్కోండి" అన్నాడట.

ఈ కథ వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఒకసారి మలీదలో సోంపు ఉండేది, ఒకసారి యాలకులు. ఒకటి మాత్రం మారేది కాదు. "తెల్వని మనిషి దగ్గర డబ్బా ఎవరన్న ఇడిచిపెడ్తరా, షైనీ? నమ్మిండు గనకనే గదా."

ఆ డబ్బా మళ్ళీ ఆయనకు చేరలేదు. వదిన రోజూ దాంట్లోనే అన్నం కట్టుకొని డ్యూటీకి పోయేది. తానే తోముకునేది. నన్ను ముట్టనిచ్చేది కాదు.

తర్వాత అంతా ఫోన్లో. రెండు సార్లు బీదర్ వచ్చాడు, రెండు సార్లూ బస్టాండు దగ్గర చాయ్ తాగి పోయాడు. ఇంటికి రమ్మంటే, "ప్రకటన చదివినాక అల్లుని లెక్క వస్త" అనేవాడట. ఆ మాట చెప్పి వదిన అటు తిరిగి కూర్చునేది.

ఆయన ఏదీ అడిగేవాడు కాదు. అదే వదినకు గొప్ప. వాచీ పగిలిందని మాటల్లో చెప్పేవాడు. కొందామా అంటే వద్దు వద్దు అనేవాడు. వాచీ కొన్నాము. తర్వాత బూట్లు. తర్వాత వాళ్ళ అక్కకు చీర. తర్వాత ఫోను. పార్సిలు బస్సులో వేస్తే జహీరాబాద్‌లో తీసుకునేవాడు. ఈ కొనడాలన్నిటికీ నేను వెంట ఉన్నాను. అబద్ధమెందుకు, నాకు భలే సరదాగా ఉండేది. చౌబారా దగ్గర దుకాణాలు తిరిగి, చెరుకురసం తాగి, ఇద్దరం ఆటోలో వచ్చేవాళ్ళం. చీర రంగు ఎంచడానికి వదిన గంట తీసుకునేది. ఆ గంటసేపు ఆమె ముఖంలో వయసు కనిపించేది కాదు.

ఒకరోజు ఆటోలో నా గుట్టు కూడా చెప్పాను. నిశ్చితార్థం అయ్యాక నోయల్‌తో ఫోన్లో, నా స్వెట్టరు హాస్టల్లో పోయిందని, చలికి వణుకుతున్నానని చెప్పాను. పోలేదు. పెట్టెలో ఉంది. ఆయన కొనిచ్చింది ఒకటి ఒంటి మీద ఉండాలని ఆశ, అంతే. వారంలో మెరూన్ స్వెట్టరు వచ్చింది. వదిన నవ్వి నవ్వి, "దొంగపిల్లా" అని నా బుగ్గ గిల్లింది.

ప్రకటనకు ఒప్పుకున్న రోజే ఎబినేజర్ సూటు కొలతలు కూడా పంపాడు. "నేను అడగలే, పెండ్లికి ఏం ఏస్కుంటరంటే కొలతలు పంపిండు" అంది వదిన. ఉస్మాన్‌గంజ్ దర్జీ ముదురునీలం రంగులో కుట్టాడు. ఇంటికి తెచ్చాక వదిన ఒక్కో గుండీ పెట్టి, తీసి చూసింది.

* * *

మొదటి ఆదివారం మా పాస్టరు మాణిక్యప్ప అయ్యగారు పేర్లు చదివారు. మైకు కీచుమనలేదు. వదిన నా గులాబీ చీర కట్టుకుంది. గుడి బయట ఆడవాళ్ళందరూ ఆమె చేతులు పట్టుకున్నారు. నోయల్ జిలేబీ తెచ్చాడు. సాయంత్రం వదిన తన మంచం మీద కూర్చొని తెర వైపు చూపించి, "ఇంక రెండు నెలలు ఓపిక పట్టండి. ఈ అర్ర కూడా మీదే" అంది. నేను ఏదో అనబోయాను. నోయల్ నా చెయ్యి నొక్కాడు.

బుధవారం సూటు బస్సెక్కింది. గురువారం ఆయన, "అందింది, మస్తుంది" అన్నాడు. శుక్రవారం ఫోను మోగింది, ఎత్తలేదు. శనివారం మోగనే లేదు.

శనివారం మధ్యాహ్నం అయ్యగారు తన స్కూటరు మీద ఇంటికే వచ్చారు. నీళ్ళిస్తే తాగలేదు.

"హేబ్సిబమ్మా, పెండ్లికొడుకు సంఘం నుంచి ఉత్తరం రావాలె. అది రాకముందే నేను మొదటి ప్రకటన చదివిన. ఇన్నేండ్లకు నీ పేరు చదువుతున్న గదా అని ఖుషీల తొందరపడ్డ. తప్పు నాదే."

"ఏమైంది అయ్యగారూ?"

"అక్కడి అయ్యగారితోని ఇప్పుడే మాట్లాడిన. ఆ రిజిస్టర్ల ఎబినేజర్ అనే పేరే లేదంట."

వదిన గోడకున్న క్యాలెండరు సరిచేసింది. అది వంకరగా లేదు.

"వేరే సంఘం కావొచ్చు" అంది.

"నాలుగు సంఘాలను అడిగిన తల్లీ."

మర్నాడు గుడికి వెళ్ళొద్దని నోయల్ బతిమాలాడు. వదిన వెళ్ళింది. ఎప్పుడూ కూర్చునే మూడో వరసలోనే కూర్చుంది. ప్రకటనల వేళ అయ్యగారు వేరే జంట పేర్లు చదివి ఆగారు. రెండో జంట పేర్ల కోసం గుడి అంతా ఎదురుచూసింది. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అయ్యగారు పాట నంబరు చెప్పారు. అందరూ లేచి నిలబడ్డారు, వదిన కూడా. పాట మొత్తం పాడింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఐనా ఆ వరసలో ఆమె ఒక్కతే ఉన్నట్టనిపించింది.

* * *

సోమవారం ముగ్గురం పోలీసు స్టేషన్‌కు పోయాము. హెడ్ కానిస్టేబుల్ భీమ్‌రావ్ పెద్దాయన. వదిన ఒకప్పుడు ఆయన తల్లికి సూదిమందు ఇచ్చిందట. కుర్చీ వేయించాడు.

"చూడమ్మా, వాడు అడిగిండా?"

"లేదు."

"ఫోన్ల మెసేజీలున్నయా?"

వదిన ఫోను ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకొని చదివాడు. "వద్దు. ఎందుకివన్నీ. నువ్వుంటే చాలు." పైకి చదివి, ఇంకోటి జరిపాడు. "మళ్ళ వద్దనే అంటుండు." నోయల్ వైపు తిరిగాడు. "తమ్మీ, ఈ ఫోను చూస్తే వాడే సాధువు, మీ అక్కనే బలవంతంగ ఇచ్చినట్టుంది."

"అంటే మోసం కాదా సార్?" నోయల్ గొంతు లేచింది.

"కాదనలే. ప్రేమతోని ఇచ్చిన వస్తువు బహుమానం. ఇచ్చినోళ్ళు మల్ల అడిగితే కేసు కాదు. పెండ్లి చేస్కుంటనని, మనసు మారి చేస్కోకపోయినా చీటింగ్ నిలబడది. నిలబడాలంటే ఒక్కటి ఉండాలె." వేలు ఎత్తాడు. "ఫస్టు రోజు నుంచే మోసం చెయ్యాలని ఉండాలె. పేరు అబద్ధం చెప్పిండంటున్నరు, అది పనికొస్తది. కాని ఎప్పటి నుంచి అబద్ధం? ఆ ముక్క ఫిర్యాదుల రాయాలె. రాసి, ఆమె సంతకం పెట్టాలె."

ఫిర్యాదు కన్నడలో రాయాలి. ముగ్గురిలో కన్నడలో చదువుకున్నది నేనే. ఆయన చెప్తుంటే రాశాను. జాతర, ఫోన్లు, వాచీ, బూట్లు, చీర, ఫోను, సూటు. చివరికి ఆయన, "మొదల దినదిందలే మోస మాడువ ఉద్దేశదింద" అన్నాడు. మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశంతో అని.

"అది రాయకు షైనీ" అంది వదిన.

"అక్కా!"

"మొదటి రోజు మంచోడే. నాకు తెలుసు. తర్వాత ఏమైందో తెల్వది. అది మాత్రం నేను సంతకం పెట్టను."

భీమ్‌రావ్ కోపం తెచ్చుకోలేదు. కాయితం మడిచి నా చేతికిచ్చాడు. "ఇంటికి పోయి ఆలోచించమను. ఆ జాగ ఖాళీగ ఉంచు."

ఇంటికి వచ్చాక నోయల్ ఆగలేదు. "అడగకుండ అడగడం కూడ అడగడమే అక్కా! వాచీ పగిలిందని నీకెందుకు చెప్పాలె? మోసం కాకపోతే ఏంది?"

"అట్లయితే నీ పెండ్లాం కూడ మోసం చేసింది. స్వెట్టరు పోయిందని చెప్పి కొనిపించుకోలే?"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

నోయల్ నా వైపు చూశాడు. "ఏ స్వెట్టరు? ఆ మెరూన్‌దా?" మెడ గోక్కొని, "నాకు ఎప్పుడో ఎరుకే. మీ ఇంటికొచ్చినప్పుడు పాతది తాడు మీద ఆరుతుండె" అన్నాడు.

వేరే రోజైతే కింద పడి దొర్లి నవ్వేదాన్ని. ఆ రోజు ముగ్గురమూ నవ్వలేదు. వదిన చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడుకొని గోడ వైపు తిరిగింది.

"అందరు అబద్ధాలు చెప్తరు" అంది గోడతో. "ఆ కాయితం చింపెయ్యండి."

నేను చింపలేదు. పిండి డబ్బా కింద పెట్టాను.

* * *

మర్నాడు ఇద్దరూ పనికి పోయారు. శనివారం నుంచి వదిన అన్నం కట్టుకుపోవడం మానేసింది. ఆమె టిఫిన్ డబ్బా అలమారలో పైఅరలో ఉంది. వాసన వస్తుందేమోనని తీసి, మొదటిసారి నేను తోమాను. అలవాటు ప్రకారం బొటనవేలు కిందికి పోయింది. అడుగున అక్షరాలు తగిలాయి.

వెలుతురులోకి పట్టుకెళ్ళి చదివాను. ప్రేమల – జీవరాజ్. కింద తారీఖు, పదేళ్ళ కిందటిది, మే నెలది.

అక్కా బావల డబ్బా అన్నాడు కదా, వాళ్ళ పేర్లు కావచ్చు. అట్లాగే అనుకొని పక్కన పెట్టబోయాను. కాని నా చేతిలోంచి అది దిగలేదు. మా నాన్న చెక్కించిన అక్షరాలు ఎట్లా ఉన్నాయో ఇవీ అట్లాగే ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురు ఒకతె పదేళ్ళ కింద వీటిని బొటనవేలితో తడిమి ఉంటుంది. పైకి చదువుకొని ఉంటుంది.

అయ్యగారికి ఫోన్ చేశాను. "ఎబినేజర్ కాదు అయ్యగారూ. జీవరాజ్ అని అడగండి. భార్య పేరు ప్రేమల."

గంటకు ఆయనే చేశారు.

"ఉన్నడు షైనమ్మా. ఇద్దరు పిల్లలు. మొన్న ఆదివారం కొత్త నీలం సూటు ఏసుకొని గుడికొచ్చిండంట. అందరు మెచ్చుకున్నరంట."

"జాతరకు?"

"పెండ్లాం పిల్లల్తోనే పోయిండు. సంఘమంత ఒకటే డేరా. ప్రేమలమ్మ చేసిన మలీద ఆ అయ్యగారు కూడ తిన్నరంట."

ఫోన్ పెట్టేశాక ఇల్లంతా తిరిగాను. రెండు అర్రలే కాబట్టి తిరగడం తొందరగా అయిపోయింది. చెప్తే వదినకు ఆ అరగంట కూడా మిగలదు. చెప్పకపోతే ఆ కాయితం పిండి డబ్బా కిందే ఉండిపోతుంది, ఆమె తప్పంతా తనదే అనుకుంటూ ఆ గోడ వైపే తిరిగి పడుకుంటుంది. మూడింటికి గాలికి తలుపు కొట్టుకుంది. ఈసారి లేవలేదు.

వదిన అయిదింటికి వచ్చింది. చెప్పులు విప్పి, మంచం మీద కూర్చొని, కాళ్ళు చాపుకుంది. నేను డబ్బా కొంగు చాటున పట్టుకొని నిలబడ్డాను. కొంగు కింద స్టీలు దాగదు.

"తోమినవా?" అంది.

"తోమిన."

"చదివినవా?"

తల ఊపాను.

"రోజూ తోముత గదా షైనీ. నాకు తెల్వదా." ఆమె కన్నీళ్ళు పెట్టుకోలేదు. రోగికి మందు వేళ చెప్పినట్టు చెప్పింది. "సంకురాత్రి ముందర ఒకరోజు మీ అక్క పేరేందని అడిగిన. మార్త అన్నడు. డబ్బా మీద ప్రేమల ఉంది గదా అని అడగబోయిన. నోట్లెకు వచ్చింది. మింగిన."

"ఎందుకు వదినా?"

"అడిగితే ఫోన్ రాదని." కాలివేళ్ళు చూసుకుంది. "మీరిద్దరు లోపలికి పోయినంక నాకు కూడ ఒక ఫోన్ వస్తుండె. అంతే. ఇప్పుడు చెప్పు. అనుమానం ఉండంగనే బూట్లు కొన్న, చీర కొన్న, సూటు కుట్టించిన. తెలిసి ఇచ్చినదానికి కేసు ఏం పెట్టాలె? మోసం వాడు చేసిండా, నేనే చేసుకున్ననా?"

నేను కింద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"నువ్వు అనుమానపడ్డవు. ఆయన అబద్ధమాడిండు. రెండు ఒక్కటెట్ల అయితయి?"

ఆమె చాపిన కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"నేనూ అబద్ధమే చెప్పిన, స్వెట్టరు కోసం. నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్న. కాని వదినా, ఆ స్వెట్టరు తొడుక్కొని నేను ఈ ఇంటికే వచ్చిన. ఆయన సూటు ఏసుకొని ఏడికి పోయిండో తెలుసా?"

అప్పుడు చెప్పాను. ఆదివారం గుడి, నీలం సూటు, ఇద్దరు పిల్లలు, ఒకటే డేరా. మలీద ఎవరు చేశారో చివర చెప్పాను. దాచుకుంటే బాగుండుననిపించింది. ఐనా చెప్పాను.

వదిన చెయ్యి చాపింది. డబ్బా ఇచ్చాను. మూత తీసి లోపలికి చూసింది. ఖాళీగా మెరుస్తోంది.

"ఆమె యాభై అడుగుల దూరంల పొయ్యి దగ్గర ఉండె అన్నమాట" అంది. "వాసన వస్తుండె షైనీ. నెయ్యి వాసన. ఎవరో మా డేరా పక్కనే చేస్తున్నరనుకున్న."

బయట కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. వాడి గొంతు వీధి చివరిదాకా వినిపించి ఆగిపోయింది.

"మస్తు చేసింది" అంది వదిన. "నేను అసుంటిది ఎన్నడు తినలే."

ఆ తర్వాత ఆమె మూత పెట్టి, డబ్బా ఒళ్ళో బోర్లించుకొని, నేను చేసినట్టే బొటనవేలితో ఆ రెండు పేర్లూ తడిమింది.

"కాయితం చింపినవా?"

"లేదు."

"తీస్కరా. ఆ కన్నడ ముక్క మల్ల చదువు."

పిండి దులిపి తెచ్చాను. చదివాను. మొదటి రోజు నుంచే.

"రాయి."

ఖాళీ ఉంచిన జాగాలో రాశాను. అక్షరాలు పెద్దగా, వంకరగా వచ్చాయి. వదిన సంతకం మాత్రం ఆసుపత్రి రిజిస్టరులో పెట్టినట్టు తిన్నగా వచ్చింది. పెట్టాక కలం మూత పెట్టడం మరిచిపోయి, చాలాసేపు పట్టుకొనే ఉంది. నేను ఆమె మోకాలికి తల ఆనించాను. ఆమె చెయ్యి నా జుట్టులోకి వచ్చింది. ఓదార్చేది ఎవరో, ఓదార్పు ఎవరికో నాకు తెలియలేదు.

చీకటి పడ్డాక నోయల్ బస్సు దిగి నడిచి వస్తున్న చప్పుడు వాకిట్లో వినిపించింది. ఏ రోజైనా ఆ చప్పుడుకు నేను పరుగెత్తుతాను. ఆ రోజు కదల్లేదు. ఆయనే తలుపు దగ్గర ఆగి, మా ఇద్దరినీ, కాయితాన్నీ, డబ్బానూ చూసి, లోపలికి వచ్చి మంచానికి అటువైపు కూర్చున్నాడు.

"తమ్మీ" అంది వదిన, "రేపు సెలవు పెట్టు. పొద్దుగాల ఏడింటి బస్సుకు జహీరాబాద్ పోదాం."

"వాని దగ్గరికా?"

"వాడు నాకెందుకు? వాని పెండ్లాం ప్రేమల దగ్గరికి. పోలీసోళ్ళు వాకిట్లకు రాకముందే ఆమెకు నా నోటితోని చెప్పాలె. తన డబ్బా తనకు ఇయ్యాలె. వచ్చేటప్పుడు స్టేషన్‌ల కాయితం ఇద్దాం."

నోయల్ ఆమె ఒళ్ళో బోర్లించిన డబ్బా మీద పేర్లు చదివి తల ఊపాడు. వదిన డబ్బా నా చేతికిచ్చింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగింది.

"రేపు జల్ది లేసి నాలుగు రొట్టెలు ఎక్కువ చెయ్యి షైనీ. బెల్లం నేను కొడ్త. ఉత్త డబ్బా ఎట్ల ఇస్తం?"